ఆల్ఫబెట్ ఎవరి చేతిలో ఉంది: ప్రత్యర్థి రాజులతో టెక్నాలజీల మార్పిడిపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గజపతి జిల్లా పర్లాకిమిడిలో డిగ్రీ చదివేవారికీ, పోటీ పరీక్షలకు తయారయ్యేవారికీ వ్యూహక్రీడలు నేర్పే ఒక చిన్న బృందాన్ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తెర మీద ఇంగ్లీషు. ఆట గురించిన వాదన మాత్రం పూర్తిగా తెలుగులోనే సాగుతుంది కాబట్టి ఈ కేసును కూడా తెలుగులోనే నమోదు చేస్తున్నాను. మేము ఎక్కువగా ఆడేది 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 అనే కంప్యూటర్ ఆట, దానికి 2007లో వచ్చిన బియాండ్ ద స్వోర్డ్ అనుబంధంతో కలిపి. పాత కంప్యూటర్ల మీద కూడా అది నడుస్తుందన్నది ఒక కారణం. కంప్యూటర్ నడిపే రాజులతో టెక్నాలజీలను నేరుగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అందులో చాలా లోతుగా ఉందన్నది అంతకన్నా పెద్ద కారణం. 2010లో వచ్చిన ఐదో భాగంలో ఆ పద్ధతిని తీసివేసి, దాని స్థానంలో ఉమ్మడి పరిశోధన ఒప్పందాలను పెట్టారు.

ఈ కేసులోని ఆటగత్తె ఇరవైల్లో ఉన్న యువతి. గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ ఇవ్వడం లేదు, ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆటకు కొత్త కాదు. నోబుల్ అనే కష్టస్థాయిలో సునాయాసంగా గెలిచేది, దాని పైదైన ప్రిన్స్ స్థాయిలోనూ గెలిచింది. ఆ పైదైన మోనార్క్ స్థాయికి రాగానే ఆగిపోయింది. నోబుల్ దాటిన కొద్దీ కంప్యూటర్ రాజులకు ఖర్చుల్లోనూ ఉత్పత్తిలోనూ రాయితీలు పెరుగుతాయి కాబట్టి, కింది స్థాయిల్లో చెల్లిపోయిన అలవాట్లు అక్కడ చెల్లవు. ఆమె విషయంలో చెల్లకుండా పోయిన అలవాటు ఒక్కటే: తాను కనిపెట్టిన టెక్నాలజీని ఎవరికీ ఇవ్వకపోవడం.

ఆట అమరిక ఇది. అందరూ ఒకే భూఖండం మీద ఉండే పాంజియా పటం, మామూలు వేగం, ఏడుగురు రాజులు. ఆమె అశోకుణ్ణి ఎంచుకుంది. అశోకుడి జౌగడ శిలాశాసనం ఉన్న గంజాం నుంచి 1992లో విడిపోయిన జిల్లా మాది, అందుకని మా బృందంలో ఆ ఎంపిక తరచుగానే కనిపిస్తుంది. ఆటలో అశోకుడికి ఉన్న ఆధ్యాత్మిక లక్షణం వల్ల మతాన్నీ పాలనా విధానాలనూ అరాచకపు వంతులు (పాలన స్తంభించిపోయే వంతులు) లేకుండా మార్చుకోవచ్చు, ఈ వెసులుబాటు తర్వాత చాలా అక్కరకొచ్చింది. ప్రత్యర్థులు మాలి రాజు మాన్సా మూసా, ఈజిప్టు రాణి హాట్షెప్సుట్, స్పెయిన్ రాణి ఇసబెల్లా, పక్క సరిహద్దులోనే అజ్టెక్ రాజు మాంటెజుమా, దూరంగా జపాన్ పాలకుడు టోకుగావా, అమెరికా నాయకుడు రూజ్‌వెల్ట్. కొన్న టెక్నాలజీని తిరిగి అమ్మకూడదన్న ఐచ్ఛిక నిబంధన ఈ ఆటలో పెట్టలేదు. ఎవరి ఆటనైనా పరిశీలించేటప్పుడు నేను మొదట చూసేది ఆ నిబంధననే, ఎందుకంటే అది ఉంటే కింద రాసిన తర్కంలో సగం మారిపోతుంది.

వచ్చిన సమస్య

ఆమె నా దగ్గరకు తెచ్చిన సేవ్‌లో, అంటే మధ్యలో భద్రపరిచిన ఆటలో, కాలం క్రీస్తుశకం 700 ప్రాంతం. టెక్నాలజీల పట్టికలో ఆమె స్థానం ఏడుగురిలో ఆరోది, ఆమె వెనక ఉన్నది టోకుగావా ఒక్కడే. "మాస్టారూ, నేను ఎవ్వరికీ ఏమీ ఇవ్వలేదు. నా దగ్గర నుంచి ఎవరూ ఏమీ పట్టుకెళ్లలేదు. మరేటండీ ఇలా వెనకబడిపోయాను?" అని అడిగింది. నగరాలు బాగున్నాయి, గ్రంథాలయాలు ఉన్నాయి, రాబడిలో పరిశోధనకు పెట్టిన శాతం కూడా తక్కువేమీ కాదు. కాబట్టి లోపం ఉత్పత్తిలో లేదని తేలిపోయింది.

నేను ఆమెను ఆట పాత సేవ్‌లు వరసగా తెరిచి, ప్రతి దాంట్లో ఎవరి దగ్గర ఏ టెక్నాలజీ ఉందో కాగితం మీద రాయమన్నాను. అలా రాసిన పట్టికలో ఒక గీత స్పష్టంగా కనిపించింది. క్రీస్తుపూర్వం చివరి శతాబ్దాల దాకా ఆమె అందరికన్నా ముందే ఉంది. మాన్సా మూసా స్వయంగా ఆల్ఫబెట్ (అక్షరమాల) అనే టెక్నాలజీని కనిపెట్టుకున్న వంతు తర్వాత కొద్ది వంతుల్లోనే ఐదుగురు రాజుల జాబితాలు ఒకేలా తయారయ్యాయి. ఈ ఆటలో టెక్నాలజీల మార్పిడికి ఆల్ఫబెట్ అవసరం, అయితే ఇద్దరిలో ఒక్కరికి ఉంటే చాలు. అది ఆమె ఒక్కదాని దగ్గరే ఉన్నంత కాలం భూఖండంలో ఏ మార్పిడి జరగాలన్నా ఆమె గుండానే జరగాలి. ఆ కాలమంతా ఆమె తలుపు మూసుకుని కూర్చుంది. ఆ తర్వాత తలుపు మాన్సా మూసా తెరిచాడు, అతను తెరిచిన తలుపు గుండా మిగతావాళ్లందరూ నడిచారు.

ఆరుగురు తలొక టెక్నాలజీ కనిపెట్టి, తమలో తాము మార్చుకుంటే, ఒక పరిశోధన ఖర్చుతో ఒక్కొక్కరికీ ఆరు దక్కుతాయి. వైరాలు, సందేహాలు ఉంటాయి కనుక అంత సాఫీగా ఎన్నడూ జరగదు. అందులో సగం జరిగినా సరే, బయట కూర్చుని సొంతంగా కష్టపడే ఏడో మనిషి వాళ్లను అందుకోలేడు. మనం ఒక టెక్నాలజీని దాచితే ప్రత్యర్థికి కలిగే నష్టం చిన్నది, ఆ ప్రత్యర్థుల వలయంలో మనం లేకపోవడం వల్ల మనకు కలిగే నష్టం చాలా పెద్దది. ఆమె ఈ రెంటినీ ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. కింది స్థాయిల్లో ఆ లోటును ఆమె ఉత్పత్తి కప్పిపుచ్చింది.

మొదటి చికిత్స, అది విఫలమైన తీరు

పట్టిక చూసిన తర్వాత ఆమె తీసుకున్న నిర్ణయం సహజమైనదే. ఆల్ఫబెట్ దక్కిన కొత్తలోని సేవ్‌కు వెనక్కి వెళ్లి, ఈసారి అందరితోనూ అన్నీ మార్చుకోవడం మొదలుపెట్టింది. ఒకే సేవ్ నుంచి వేర్వేరు దారుల్లో వెళ్లి పోల్చి చూడడం ఈ ఆట ఇచ్చే గొప్ప సౌలభ్యం, నిజ జీవితపు కేసుల్లో అలాంటి అవకాశం ఉండదు. ఈ దారిని ఆమె చివరిదాకా నడవాలని నేను కోరాను, ఎక్కడ విరిగిపోతుందో తెలిస్తే తప్ప మూడో దారి దొరకదు.

తొలి వంతుల్లో ఫలితం కళ్లు చెదిరేలా ఉంది. ఆమె ఒక్కసారిగా ముందుకు దూకింది. క్రీస్తుశకం 900 వచ్చేసరికి మళ్లీ ఆగిపోయింది. దీనికి ఒకే కారణం లేదు, నాలుగు వేర్వేరు కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వాటిని విడదీయడానికే మాకు ఎక్కువ సమయం పట్టింది.

ముందుగా, ఆమె తొలి బేరాల్లోనే ఆల్ఫబెట్‌ను కూడా అమ్మేసింది. ధర బాగానే వచ్చింది. కానీ ఆ ఒక్క అమ్మకంతో అందరి మధ్య మధ్యవర్తిగా ఉండే స్థానం చేజారింది. తర్వాత ఆమె ఒకరికి ఏది అమ్మినా, మరో వంతులో ఇంకొకరికి అమ్మబోయేసరికి అది వాళ్ల దగ్గర అప్పటికే ఉండేది. వారపు సంతలో పొద్దున ఒక అంగడిలో చెప్పిన ధర మధ్యాహ్నానికి అన్ని అంగళ్లకూ పాకినట్టే ఇక్కడా జరుగుతుంది. మన వంతు ముగిసి వాళ్ల వంతు రాగానే, కొన్నవాడు దాన్ని తన మిత్రులకు తిరిగి అమ్ముకుంటాడు. ఆ లాభం మనకు దక్కాలంటే ఒకే వంతులో, వంతు ముగించకముందే, కొనగలిగిన వాళ్లందరికీ అమ్మేయాలి.

రెండోది మాంటెజుమా. అతనికి ఆమె ఐరన్ వర్కింగ్, కన్‌స్ట్రక్షన్ రెండూ ఇచ్చింది. అజ్టెక్‌ల జాగ్వార్ యోధులకు ఇనుము గని అక్కర్లేదు, ఐరన్ వర్కింగ్ తెలిస్తే చాలు. కన్‌స్ట్రక్షన్ వస్తే రాళ్లు విసిరే కాటపుల్ట్ యంత్రాలు వస్తాయి. ఈ రెండూ కలిసి ఆమె సరిహద్దు నగరం మీదికే వచ్చాయి. బదులుగా ఆమె పుచ్చుకున్నవి ఆ వంతులో ఖరీదులో సరిసమానమే. టెక్నాలజీ ఖరీదు దాని పరిశోధన ఖర్చు మాత్రమే చెబుతుంది, అది ఎవరి చేతిలో ఏ ఆయుధంగా మారుతుందో చెప్పదు.

మూడోది పగల లెక్క. ప్రతి కంప్యూటర్ రాజుకూ ఒక ప్రధాన శత్రువు ఉంటాడు. అతనితో మనం వ్యాపారం చేస్తే, "మా బద్ధశత్రువుతో వ్యాపారం చేశావు" అన్న కోపం మన ఖాతాలో చేరుతుంది. ఇసబెల్లాకు మాంటెజుమా బద్ధశత్రువు. అతనికి అమ్మిన ప్రతి టెక్నాలజీ ఇసబెల్లా దగ్గర ఆమె మార్కులు తగ్గించింది. చివరికి మంచి ధర ఇవ్వగలిగిన రాణి బేరానికే రాకుండా పోయింది.

నాలుగోది అన్నిటికన్నా సూక్ష్మమైనది. క్రీస్తుశకం 900 నాటికి ఒకరి తర్వాత ఒకరు "నువ్వు మరీ ముందుకు పోతున్నావని మాకు భయంగా ఉంది" అనే అర్థం వచ్చే జవాబుతో బేరం తోసిపుచ్చారు. మనకు ఎవరి దగ్గర నుంచి టెక్నాలజీ వచ్చినా సరే, మనతో పరిచయమున్న ప్రతి రాజూ ఆ రాకను లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క ఒక్కో రాజుకు ఒక్కో హద్దు దాటగానే ఈ జవాబు వస్తుంది. కాలంతో అది నెమ్మదిగా తగ్గుతుంది కానీ, ఎప్పుడు తగ్గుతుందో మన చేతిలో ఉండదు. ఆమె ఆర్చరీ, సెయిలింగ్, మెడిటేషన్ వంటి చిన్నవాటిని కూడా మార్పిడి ద్వారానే తీసుకుంది. రెండు మూడు వంతుల్లో సొంతంగా కనిపెట్టగలిగిన టెక్నాలజీ, పది పన్నెండు వంతులు పట్టే టెక్నాలజీ ఈ లెక్కలో ఒకే బరువు తూగుతాయి. తన దగ్గరున్న పరిమితమైన స్థలాన్ని ఆమె చవకబారు సరుకుతో నింపేసింది.

తిరస్కారాలను చదవడం

మూడో దారికి వెళ్లేముందు ఒక పని చేయించాను, నా అనుభవంలో దీనంత ఉపయోగపడింది మరొకటి లేదు. రాజులు బేరాన్ని కాదనేటప్పుడు చెప్పే మాటలను ఒక్కొక్కటిగా రాసుకుని, దేనికి ఏం కారణమో పక్కన రాయమన్నాను. చాలామంది ఆటగాళ్లు తిరస్కారం కనబడగానే తెర మూసేస్తారు. ఆ వాక్యం ఒక్కటే ప్రత్యర్థి మనసులోని కారణాన్ని సూటిగా చెబుతుంది.

"నువ్వంటే మాకు అంత ఇష్టం లేదు" అన్న జవాబుకు మందు సంబంధాల మెరుగుదల. మతం, సరిహద్దులు తెరవడం, కానుకలు, నిలకడైన వ్యాపారం దానికి పనికొస్తాయి. "దీన్ని ఇప్పుడే బయటికి ఇవ్వదలుచుకోలేదు" అన్నదానికి ఇష్టాయిష్టాలతో నేరుగా సంబంధం లేదు. ఆ రాజుకు తెలిసిన వాళ్లలో తగినంతమందికి ఆ టెక్నాలజీ ఇంకా చేరలేదని దాని అర్థం. ఎంతమందికి చేరాలన్నది రాజును బట్టి మారుతుంది, మాన్సా మూసాకు ఆ పట్టింపు దాదాపు లేదు. ఇక్కడ చేయాల్సింది ఓపిక పట్టడం, లేదా వేరే ఎవరినైనా అడగడం. "మరీ ముందుకు పోతున్నావు" అన్నదానికి మందు పుచ్చుకోవడం తగ్గించడమే. కానుకలు ఇస్తే కూడా పోతుంది గానీ, ఆ రాజు మనతో పూర్తి స్నేహ స్థాయికి వచ్చినప్పుడు మాత్రమే. స్నేహ స్థాయిలో ఉన్న రాజు ఈ లెక్కనూ, పైన చెప్పిన ఎంతమందికి తెలుసన్న లెక్కనూ రెంటినీ పక్కన పెడతాడు.

ఇంకో వాక్యం ఉంది. ఎవరి మీదనైనా యుద్ధానికి రమ్మని ఒక రాజును అడిగినప్పుడు, శాంతిగా ఉన్నవాడు "మా చేతులు ఇప్పటికే నిండుగా ఉన్నాయి" అంటే, అతను ఎవరి మీదకో దండెత్తడానికి సిద్ధమవుతున్నాడన్నమాట. ఇది టెక్నాలజీల బేరం కాదు, అయినా బేరాల తెర మీదే కనిపిస్తుంది, కేసు మలుపు తిరిగింది కూడా దీనివల్లే.

పట్టిక పూర్తయ్యాక ఆమెను ఒకే ప్రశ్న అడిగాను: "ఇందులో ఇవ్వడం వల్ల వచ్చిన తిరస్కారం ఏది తల్లీ, పుచ్చుకోవడం వల్ల వచ్చింది ఏది?" ఆమె చాలాసేపు చూసి, భయం లెక్కలోకి వచ్చేది పుచ్చుకోవడం ఒక్కటేననీ, ఇవ్వడం అసలు అందులో లేదనీ తానే చెప్పింది. అయితే అమ్మి డబ్బు పుచ్చుకుంటే? డబ్బు ఎవరి లెక్కలోనూ పడదు. మూడో దారి ఈ మాట నుంచే పుట్టింది.

పనిచేసిన పద్ధతి

మళ్లీ అదే పాత సేవ్. మొదటి నిర్ణయం ఆల్ఫబెట్ గురించి. దాన్ని ఎవరికీ ఏ ధరకూ అమ్మకూడదని ఆమె నిశ్చయించుకుంది. మొదటి ఆటలో కూడా ఆమె దాన్ని అమ్మలేదు కదా, తేడా ఏమిటని బృందంలో ఒకరు అడిగారు. అప్పుడు ఆమె తలుపునే మూసేసింది, ఇప్పుడు తలుపు తన చేతిలో ఉంచుకుని రాకపోకలు సాగనిచ్చింది.

ఆల్ఫబెట్ వచ్చిన వెంటనే పరిశోధనను ఈస్తటిక్స్ అనే టెక్నాలజీ మీదికి మళ్లించింది. కంప్యూటర్ రాజులు దాని జోలికి ఆలస్యంగా వెళ్తారు కాబట్టి అది చాలాకాలం అమ్మకానికి పనికొస్తుంది. ఎవరి దగ్గరా లేనిదాన్ని పరిశోధించి, చాలామంది దగ్గర ఉన్నదాన్ని కొనడం ఇక్కడి సూత్రం. చాలామంది దగ్గర ఉన్నదాన్ని కొనలేకపోయినా నష్టం తక్కువే, ఎందుకంటే మనకు పరిచయమున్న రాజుల్లో ఎక్కువమందికి తెలిసిన టెక్నాలజీని సొంతంగా పరిశోధించినా ఖర్చు తగ్గుతుంది. ఈస్తటిక్స్ చేతికి వచ్చిన వంతులోనే మాన్సా మూసాకు ఇచ్చి మ్యాథమెటిక్స్ తీసుకుంది. ఆ మ్యాథమెటిక్స్‌ను ఈస్తటిక్స్‌తో కలిపి హాట్షెప్సుట్‌కు ఇచ్చి మోనార్కీ తీసుకుంది. ఇసబెల్లా నుంచి పాలీథీయిజం తెచ్చుకుంది. అంతటితో ఆ వంతు ముగించింది. ఈ క్రమంలో ముందు ఎవరిని అడగాలన్నది ముఖ్యం. అరుదైనది ఉన్నవాడితో మొదలుపెడితే, అతని నుంచి వచ్చింది తర్వాతి బేరానికి పెట్టుబడి అవుతుంది. ఒకే వంతులో మూడు పనికొచ్చే టెక్నాలజీలు వచ్చాయి, భయం లెక్క కూడా మూడే పెరిగింది. రూజ్‌వెల్ట్ ఆర్చరీ ఇస్తానన్నా ఆమె తీసుకోలేదు.

రెండో నిర్ణయం కరెన్సీ అనే టెక్నాలజీ. అది వచ్చాక డబ్బుతో బేరం కుదురుతుంది. ఈ ఆటలో వంతుకు ఇంత చొప్పున ఇచ్చే డబ్బును టెక్నాలజీకి బదులుగా పెట్టడం కుదరదు, ఒకేసారి ఇచ్చే మొత్తం మాత్రమే చెల్లుతుంది. అందుకని ఏ రాజు ఖజానాలో ఎంత పేరుకుందో ఆమె తరచుగా చూసుకుంటూ, నిండినప్పుడల్లా పాత టెక్నాలజీ ఒకటి అమ్మేది. ఆ డబ్బుతో ఖజానా తరుగుతున్నా సరే పరిశోధనను నూటికి నూరు శాతం మీద నడిపింది. అంటే ప్రత్యర్థుల డబ్బు ఆమె సొంత పరిశోధనగా మారింది, భయం లెక్క మాత్రం ఒక్కటి కూడా పెరగలేదు. ఈ అమ్మకాలకు అందరికన్నా అనువైనవాడు టోకుగావా అని ఆమె గమనించింది. అతను ఎవరితోనూ సులభంగా కలవడు, సరిహద్దులు కూడా తెరవడు, కాబట్టి అతనికి ఇచ్చింది అతని దగ్గరే ఆగిపోతుంది. అదే టెక్నాలజీ మాన్సా మూసాకు ఇస్తే తర్వాత అది అందరి దగ్గరకూ వెళ్తుంది. కొనేవాణ్ణి బట్టి, ఒకే సరుకు ఒక చోట మూలన పడుతుంది, మరో చోట ఊరంతా తిరుగుతుంది.

మూడో నిర్ణయం మీద మేమిద్దరం ఎక్కువసేపు వాదించుకున్నాం. ఇసబెల్లా స్థాపించిన బౌద్ధాన్ని అప్పటికే హాట్షెప్సుట్, మాన్సా మూసా స్వీకరించారు. మాంటెజుమా హిందూమతంలో ఉన్నాడు. ఆమెకు అప్పటిదాకా రాజమతం లేదు. అందరితోనూ మంచిగా ఉండడం సురక్షితమన్నది ఆమె వాదన, అది తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. పక్కనే ఉన్న మాంటెజుమాను దూరం చేసుకోవడం ప్రమాదమే. కానీ మాంటెజుమా ప్రసన్నంగా ఉన్నప్పుడు కూడా దండెత్తగలడు. అతని అభిమానం ఎంత కొన్నా అది పూర్తి రక్షణ కాదు. బౌద్ధ రాణులు, మాన్సా మూసా స్నేహ స్థాయికి వస్తే మాత్రం భయం లెక్క మొత్తంగా వాళ్ల దగ్గర చెల్లకుండా పోతుంది. దొరకని రక్షణ కోసం దొరికే లాభాన్ని వదులుకోవడం సరికాదని నేను అన్నాను. ఆధ్యాత్మిక లక్షణం వల్ల మతం మార్చినా అరాచకపు వంతులు పోవు. అశోకుడు బౌద్ధం స్వీకరించాడు. ఇసబెల్లాకు మతమే అన్నిటికన్నా పెద్ద కొలమానం కాబట్టి ఆమె వైఖరి కొద్ది వంతుల్లోనే మారింది. హాట్షెప్సుట్ ఇంకొంత ఆలస్యంగా, రెండు మూడు కానుకల తర్వాత, స్నేహ స్థాయికి చేరింది.

మాంటెజుమా ఊహించినట్టే చిరాకుపడ్డాడు. అతనికి ఐరన్ వర్కింగ్ గానీ, కన్‌స్ట్రక్షన్ గానీ ఇవ్వలేదు. అవి అతనికి ఎప్పటికీ రావని మేము అనుకోలేదు. ఆలస్యంగా వస్తే చాలన్నది లెక్క. ఈ వ్యవధిలో ఆమె హాట్షెప్సుట్ నుంచి ఫ్యూడలిజం తీసుకుని సరిహద్దు నగరాల్లో లాంగ్‌బో విలుకాళ్లను నిలిపింది. పుచ్చుకోవడంలో ఎంత పొదుపు పాటించినా, రక్షణకు పనికొచ్చే ఇలాంటిదాని దగ్గర వెనకాడకూడదు.

ప్రతి కొన్ని వంతులకు ఒకసారి, టోకుగావా మీద యుద్ధానికి వస్తావా అని మాంటెజుమాను అడుగుతూ ఉండమని చెప్పాను. వస్తాడని కాదు, ఏమంటాడో చూడడానికి. పదో శతాబ్దం చివర్లో ఒక వంతులో "చేతులు నిండుగా ఉన్నాయి" అన్న జవాబు వచ్చింది. అతను ఎవరి మీదికి వస్తాడో ఆ వాక్యం చెప్పదు, కానీ అతని సరిహద్దులో చిరాకు ఎక్కువ ఉన్న పొరుగు ఆమే. అందుకే సైన్యం పెంచింది. యుద్ధం నిజంగానే వచ్చింది. వచ్చిన వంతులోనే ఆమె ఇసబెల్లాకు మెషినరీ ఇచ్చి మాంటెజుమా మీద యుద్ధం ప్రకటింపజేసింది. ఇలా ఒకరిని యుద్ధంలోకి దించితే ఎదుటివాడి ద్వేషం పెరుగుతుంది. ఇక్కడ ద్వేషించేవాడు ఇప్పటికే కత్తి పట్టుకున్నవాడు, ప్రకటించిన రాణికి అతను ముందు నుంచే బద్ధశత్రువు, కాబట్టి కొత్తగా పోయిందేమీ లేదు. మెషినరీ ఇసబెల్లా నుంచి ఎవరికి చేరుతుందో కూడా చూసుకున్నాం. చేరేది హాట్షెప్సుట్‌కూ మాన్సా మూసాకూ, వాళ్లిద్దరూ ఆమె సరిహద్దులో లేరు. రెండు వైపుల నుంచీ ఒత్తిడి రావడంతో మాంటెజుమా కొన్నాళ్లకు సంధికి వచ్చాడు. ఏ నగరమూ పోలేదు.

దాచిపెట్టాల్సినవి కొన్ని ఉంటాయి. లిబరలిజం ముందుగా కనిపెట్టినవారికి ఒక టెక్నాలజీ ఉచితంగా వస్తుంది, దానికి ఫిలాసఫీ, ఎడ్యుకేషన్ కావాలి. పేపర్ దాటాక ఆమె ఈ దారిలోని ఏదీ ఎవరికీ అమ్మలేదు. స్నేహితురాలైన హాట్షెప్సుట్ అడిగినా ఫిలాసఫీ ఇవ్వలేదు. పదమూడో శతాబ్దంలో లిబరలిజం దక్కించుకుని, ఉచితంగా నేషనలిజం తీసుకుంది. ఆ మర్నాటి వంతులోనే ఎడ్యుకేషన్‌ను కొనగలిగిన వాళ్లందరికీ ఒకేసారి అమ్మింది. పందెం అయిపోయాక దాన్ని దాచుకోవడంలో అర్థం లేదు, ఎలాగూ కొద్ది వంతుల్లో వాళ్లే కనిపెడతారు.

మిగిలిపోయిన చిక్కు

ఈ దారిలో ఆమె గెలిచింది, అంతరిక్ష నౌక ద్వారా. అయితే గెలుపు తేలిగ్గా రాలేదు, కారణం మాన్సా మూసా. ఆట మొదటి సగంలో అతనంత మంచి భాగస్వామి లేడు. ఏది అడిగినా ఇచ్చేవాడు. ఏది ఇచ్చినా కొనేవాడు. అలా ఇచ్చిపుచ్చుకున్నందుకు ఆమెతో పాటు అతనూ పెరిగాడు. పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆమె వెనకే నడుస్తున్నాడు.

సైంటిఫిక్ మెథడ్ దగ్గర నుంచి అతనికి అమ్మడం ఆపాలని ఆమె నిర్ణయించుకుంది. ఆపినా అతని వేగం దాదాపు తగ్గలేదు. హాట్షెప్సుట్‌కు ఆమె ఇస్తున్నవన్నీ హాట్షెప్సుట్ నుంచి అతనికి చేరుతున్నాయి. సరఫరా ఆపాలంటే ఆపాల్సింది చివరి చేతి దగ్గర కాదు, అతని మిత్రుల దగ్గర. కానీ స్నేహ స్థాయిలో ఉన్న రాణికి ఇవ్వడం మానేస్తే ఆ స్నేహంతో వచ్చే మినహాయింపు కూడా ప్రమాదంలో పడుతుంది. ఇద్దరం ఆలోచించి, హాట్షెప్సుట్‌కు అంతరిక్ష భాగాల దారిలో లేని టెక్నాలజీలు మాత్రమే ఇవ్వడం, మిగతావాటికి డబ్బు ఇచ్చి ఆమెను తృప్తిపరచడం అనే మధ్యమార్గం ఎంచుకున్నాం. మాన్సా మూసా నౌకకు ముందు కావాల్సిన అపోలో ప్రోగ్రాం కట్టి కొన్ని భాగాలు కూడా చేసుకున్నాడు, ఆమె నౌక అతనికన్నా ముందు గమ్యం చేరింది. ఈ కోత ఇంకా ముందే, ఎడ్యుకేషన్ అమ్మిన వంతు తర్వాతే పెట్టి ఉండాల్సిందని ఆమె అభిప్రాయం. అప్పుడే పెడితే రైఫ్లింగ్ దాకా వచ్చే కాలంలో కొనడానికి ఎవరూ మిగలరని నా అభిప్రాయం. ఆ సేవ్ మా దగ్గర ఉంది, బృందంలో ఇద్దరు దాన్ని రెండు దారుల్లోనూ ఆడి చూస్తున్నారు.

ఈ కేసును వేరే అమరికలకు అన్వయించేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. కొన్నదాన్ని తిరిగి అమ్మకూడదన్న నిబంధన పెడితే, మాన్సా మూసా లాంటివాడు ఊరంతా తిప్పే మధ్యవర్తిగా ఉండలేడు, మనమూ ఉండలేం. అప్పుడు ఒక వంతులో ఒకరి నుంచి తెచ్చి మరొకరికి ఇచ్చే గొలుసు తెగిపోతుంది, సొంతంగా పరిశోధించినవే సరుకు అవుతాయి, వాటిని ఎవరికి ముందు అమ్మామన్నది అంతగా పట్టించుకోనక్కర్లేదు. రెండోది భూఖండాలు వేరువేరుగా ఉన్న పటం. అక్కడ ఒక ఒడ్డు రాజులకు మరో ఒడ్డు రాజులతో పరిచయం ఉండదు, కనుక ఆల్ఫబెట్ అందరి దగ్గరా ఉన్నా వ్యాపారం ఒడ్డు దాటదు. ఆప్టిక్స్‌తో వచ్చే కారవెల్ ఓడను ముందుగా పంపి రెండు ఒడ్లనూ ఎరిగినవారిగా నిలిచేవారికి, పాంజియాలో ఆల్ఫబెట్ ఇచ్చిన స్థానమే మళ్లీ దక్కుతుంది. రెండో ఒడ్డు రాజులకు వాళ్ల తొలి పరిచయం మొదలైన వంతు నుంచే భయం లెక్క మొదలవుతుంది కాబట్టి, అంతకుముందు తొలి ఒడ్డులో ఎన్ని పుచ్చుకున్నా వాళ్ల ఖాతాలో అవి ఉండవు.